నడిచే బడి: సరాయి మీద బిందెడు నీళ్లు

బుధవారం నాడు పెట్టిన గడువు, శనివారం పొద్దున ఎనిమిది కాకముందే లాంబ్రెట్టా స్కూటరెక్కి వచ్చి శాలిబండ బడి గేటు ముందర దిగింది.

ఆ గడువు పేరు సోమశేఖర్. బడులు తనిఖీ చేసే డిప్యూటీ ఇన్‌స్పెక్టరు. ఎవడో ఆకాశరామన్న ఆఫీసుకు ఉత్తరం రాశాడు. ఏడో తరగతికి సోషల్ చెప్పే ఆండాలు టీచరు పిల్లలను బెంచీల మీద కూర్చోబెట్టడం మానేసి, గొర్ల మందను తోలినట్టు పాతబస్తీ గల్లీల పొంటి తోలుకపోతున్నది, పాత గోడలు చూపించి అదే పాఠం అంటున్నది అని. ఆ కాగితం జేబులో పెట్టుకొని బుధవారం వచ్చిన సోమశేఖర్, హెడ్‌మాస్టర్ బాబురావు గదిలో ఫ్యాను కింద కూర్చొని చల్లగానే తీర్పు చెప్పాడు.

"శనివారం నేనూ మీ వెంట వస్తానమ్మా. మీరు ఏ గోడ చూపించి పాఠం చెప్పారో ఆ గోడ దగ్గరే అయిదు ప్రశ్నలు అడుగుతాను. మూడింటికి మీ పిల్లలు సరైన జవాబు చెప్తే, ఈ నడక బడికి నా చేత్తో నేనే అనుమతి రాస్తాను. చెప్పలేకపోతే ఈ తిరుగుడు ఆ రోజుతో బంద్. సోమవారం నుంచి మీరు జిల్లా కొసన ఇంకో బడిలో ఉంటారు."

బదిలీకి భయపడే మనిషి కాదు ఆండాలు. భువనగిరి అవతలి పల్లెలో మోకాలి లోతు బురదలో నాట్లేసుకుంటూ, రోజూ కోసుల దూరం నడుచుకుంటూ బీయే దాకా చదివిన పిల్ల. ఏ ఊరికి తోలినా బతుకుతుంది. ఆమె బెంగంతా ముప్ఫై నాలుగు నోటు పుస్తకాల మీద.

ఆ పుస్తకాల్లో ప్రతి పేజీకి నడుమ ఒక గీత ఉంటుంది. గీత మీద కళ్లతో చూసింది రాయాలి. గీత కింద చెవులతో విన్నది రాయాలి. ఒకదాని జాగాలోకి ఇంకొకటి వస్తే ఆ పేజీ మొత్తం మళ్లీ రాయాల్సిందే. పట్టా కాగితం చూసి మురిసి, మట్టి చూడకుండా చేను కౌలుకు పట్టేటోడు మునిగిపోతడని ఆండాలు నాయన అనేవాడు. ఆ మాటనే ఆమె సోషల్ పాఠంలోకి తెచ్చుకున్నది. మొదట్లో పిల్లలు నవ్వారు. ఇప్పుడు వాళ్లే ఒకరి పుస్తకంలో ఒకరు తప్పులు పడుతున్నారు. "ఏయ్, గోల్కొండల సొరంగం ఉన్నదని గీత మీద రాసినవేందిరా? నువ్వు దూరి చూసినవా?" అని క్లాసులో లొల్లి చేస్తున్నారు.

అట్లాంటి లొల్లి బంద్ అవుతుందనేదే ఆమె భయం.

శివరాత్రికి చలి పోయి రెండు వారాలైంది. పిల్లలు రెండు వరుసలుగా, ముందర ఆండాలు, వెనుక స్కూటర్ బడిలోనే వదిలి చేతిలో అట్టేసిన పుస్తకం పట్టుకొని సోమశేఖర్. గడియార స్తంభం దాటి రెండు గల్లీలు లోపలికి పోతే ఏడు కమాన్ల సరాయి. పాతకాలంలో దూరం నుంచి వచ్చిన బేహారులు గుర్రాలు కట్టేసుకొని నడుం వాల్చిన చోటట. ఒకే వరుసలో ఏడు గదులు, ఏడింటికీ ఏడు కమాన్లు, పైన సున్నపు గచ్చు కప్పు, పక్కన మీదికి పోయే మెట్లు. ఇప్పుడక్కడ పావురాలు, నాలుగు మేకలు, వాటితోబాటు సర్కారు పెట్టిన చౌకీదారు భిక్షపతి కాపురం ఉంటున్నారు.

సోమశేఖర్ కమాన్ల ముందర రాతి అరుగు మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మొదటి ప్రశ్న. ఈ సరాయిని ఎవరు కట్టించారు?"

ముందు వరుసలో సాయిలు చెయ్యెత్తాడు. వాడి తండ్రి బస్సు కండక్టరు. తండ్రి పోలికే, ఎవరికీ జంకడు.

"గీత మీదిదా, గీత కిందిదా సార్?"

"ఏ గీత?"

"అంటే సార్, మేము చూసినదా, విన్నదా? చూసిందైతే ఏం లేదు. ఏ రాయి మీద పేరు లేదు, అంతా దేవులాడినం. విన్నదైతే మూడు పేర్లున్నయి. చౌకీదార్ తాత ఒక నవాబు అన్నడు. చాయ్ హోటల్ కాక ఒక బేగం అన్నడు. మా బాపు, ఎవడో పని లేనోడు కట్టిచ్చి ఉంటడు అన్నడు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. సోమశేఖర్ నవ్వలేదు. కాగితం మీద ఒకటో అంకె పక్కన అడ్డంగా గీత కొట్టాడు.

"రెండు. ఏ సంవత్సరంలో కట్టారు?"

ఈసారి సాయిలు కూడా చెయ్యెత్తలేదు. ముప్ఫై నలుగురూ సంవత్సరం ఎక్కడన్నా రాసి ఉందేమోనని గోడ వైపు తిరిగి చూస్తున్నారు. సోమశేఖర్ రెండో అంకె పక్కన కూడా గీత కొట్టాడు.

తప్పు తనదే అనుకుంది ఆండాలు. పిల్లలకు చూడటం నేర్పింది. చూడనిదాన్ని చూసినట్టు గడగడ చెప్పే విద్య నేర్పలేదు. లోకంలో పరీక్షలన్నీ ఆ విద్య మీదే నడుస్తున్నాయని తెలిసి కూడా నేర్పలేదు. మూడు రోజులు టైముండె. పేరో, ఏడాదో ఏదో ఒకటి బట్టీ పట్టించినా ఒడ్డెక్కేది. పట్టించబుద్ధి కాలేదు. ఇక మిగిలిన మూడింటికి మూడూ తగలాలి.

సోమశేఖర్‌కు జాలేసినట్టుంది. చెడ్డవాడు కాదు, పుస్తకం అంటే ప్రాణం పెట్టే మనిషి. "సరే, పసిపిల్లలు కూడా చెప్పే ప్రశ్న అడుగుతా. మూడోది. ఈ సరాయికి కమాన్లు ఎన్ని?"

"ఏ... డు... సార్!" అని గల్లీ దద్దరిల్లింది.

సోమశేఖర్ ఒప్పు గుర్తు పెట్టబోతూ ఆగాడు. వెనుక వరుసలో ఒక పిల్ల నోరు కదపలేదు. నూనె రాసి రెండు జడలు గట్టిగా బిగించిన పిల్ల. పేరు సక్కుబాయి. దాని తల్లి కాశమ్మ సున్నపు డాబాల మీద గచ్చు కొట్టే పనికి పోతుంది. ఏడో తరగతిలో చేరిన ఆరు నెలల దాకా ఆ పిల్ల గొంతు ఎట్లుంటదో ఆండాలుకు తెలియదు. గోడల దగ్గరికి తిప్పడం మొదలుపెట్టినాకనే రెండు ముక్కలు మాట్లాడింది.

"నువ్వెందుకు చెప్పలేదమ్మా? లెక్క రాదా?"

సక్కుబాయి టీచర్ వైపు చూసింది. ఆండాలు కళ్లతోనే, చెప్పు, అన్నది.

"ముందుగాల అయిదే సార్. రెండు తర్వాత కట్టిండ్రు."

"ఎవరు చెప్పారు?"

"ఎవలు చెప్పలే. గీత మీదిది."

సోమశేఖర్ అట్టేసిన పుస్తకం తెరిచాడు. అచ్చుపడిన లైను మీద వేలు పెట్టి ఒక్కో మాటా తూచినట్టు చదివాడు. "ఏడు కమాన్లతో ఏకకాలమున నిర్మింపబడిన సరాయి. విన్నావా? ఏకకాలమున. ఈ పుస్తకం రాసినాయన నీకన్నా, నాకన్నా చదువుకున్నవాడు."

"ఆయన లోపలికి పోయిండా సార్?"

ఆ అడగడంలో ఎకసెక్కం లేదు. తెలుసుకుందామనే అడిగింది. అందుకే సోమశేఖర్‌కు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. మొహం ఎర్రబడింది. ఆండాలు, ఇక అయిపోయిందిరా దేవుడా, అనుకుంది. అయినా ఆమె నోరు ఊరుకోలేదు.

"సార్, మిగిలిన రెండు ప్రశ్నలు వద్దు. ఈ ఒక్కటే ఉంచుకుందాం. మీ కళ్ల ముందర రుజువు చేస్తే మూడూ తగిలినట్టు. చెయ్యకపోతే సోమవారం దాకా ఎందుకు, ఇయ్యాలనే నా ట్రంకుపెట్టె సర్దుకుంటా."

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. పిల్ల దగ్గర ఏం రుజువుందో ఆమెకే సరిగ్గా ఎరుక లేదు. సక్కుబాయి పుస్తకంలో గోడలోంచి పొడుచుకొచ్చిన రాయి బొమ్మ ఒకటి చూసింది నిజమే. దీపం పెట్టే రాయేమో అనుకొని ఎర్ర సిరాతో టిక్కు కొట్టి ఊరుకుంది. ఇప్పుడు ఉద్యోగం తీసుకపోయి ఆ టిక్కు మీద పెట్టింది.

"సరే" అన్నాడు సోమశేఖర్, పుస్తకం చంకలో పెట్టుకొని. "చూపించండి."

ముందుగా ప్రహ్లాద్ వచ్చాడు. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి హోల్‌సేల్ చేసే సేటు మనవడు. జేబులోంచి బస్తాలు కుట్టే సుత్లీ ఉండ తీశాడు. దానికి వరుసగా ముడులు. "సార్, కొలిచిన. మొదటి అయిదు కమాన్లు బరాబర్ ఒక్కతీరు, పన్నెండు ముడులు. చివరి రెండు పది ముడులే."

"జాగా చాల్లేదేమో. మేస్త్రీకి ఓపిక అయిపోయిందేమో" అన్నాడు సోమశేఖర్. "ఇది అనుమానం. రుజువు కాదు."

ప్రహ్లాద్ సుత్లీ చుట్టుకొని పక్కకు జరిగాడు. సక్కుబాయి ఏం మాట్లాడకుండా ఆరో గదిలోకి నడిచింది. అందరూ వెనుక పోయారు. లోపల పావురాల రెట్ట వాసన. అయిదో గదికీ ఆరో గదికీ నడుమ ఉన్న గోడ మీద, కప్పుకు జానెడు కింద, గోడలోంచి మూరెడు బయటికి పొడుచుకొచ్చిన రాతి తూము. కింద నేల దాకా గోడ పొడుగునా నల్లటి చార.

"గిది పర్నాల సార్. డాబా మీది వాన నీళ్లను బయటికి పోసే తూము. సెలవులల్ల మా అవ్వ ఎంబడి గచ్చు కొట్టవోయిన, మస్తు డాబాలు చూసిన. పర్నాలను ఎవలన్న ఇంట్లకు పెడతరా సార్? నీళ్లు ఇంట్ల పోసుకుంటరా?" సక్కుబాయి చెయ్యి తూము వైపు చూపిస్తున్నది గానీ గొంతు మెల్లమెల్లగా లేస్తున్నది. "అంటే ఈ గోడ ఒకప్పుడు బయటి గోడ. ఇక్కడికే సరాయి అయిపోయింది. ఈ రెండు అర్రలు తర్వాత దీనికి అతికిచ్చిండ్రు."

పిల్ల చెప్పేదాకా అది తూము అని కూడా తోచలేదు ఆండాలుకు!

సోమశేఖర్ తల పైకెత్తి చూశాడు. "కావచ్చు. కాకనూ పోవచ్చు. దీపం పెట్టుకునే రాయేమో. అలంకారమేమో. ఇందులోంచి నీళ్లు వచ్చేవని ఏమిటి నమ్మకం?"

"నీళ్లు పోసి చూద్దాం సార్" అన్నది సక్కుబాయి.

అప్పటిదాకా గుమ్మంలో బీడీ ఆర్పుకొని నిలబడ్డ భిక్షపతి ఒక్క దూకున లోపలికొచ్చాడు. "వద్దు బిడ్డా! గా గోడ జోలికి పోవద్దు. వానకాలం వస్తే గాడ బేగం సాబ ఏడుస్తది. మా నాయన చూసిండు, నేను చూసిన. గోడ పొంటి కన్నీళ్లు కారుతయి. ఊదుబత్తి ముట్టిస్తెనే ఊకుంటది."

"వాన ఆగినంక ఊకుంటదా, ఊదుబత్తి ముట్టిస్తే ఊకుంటదా తాతా?" అన్నాడు సాయిలు.

భిక్షపతి ఆలోచనలో పడ్డాడు. ముప్ఫై ఏండ్ల నౌకరీలో ఆ సంగతి ఎవరూ అడగలేదాయె.

ఇక ఆగలేదు పిల్లలు. గల్లీ మొగదల నల్లా దగ్గర వరుసలో ఉన్న బిందెల్లోంచి రెండు పట్టుకొచ్చారు. "నా నెంబరు! నా నెంబరు నీళ్లు ఎవనికి పోస్తుండ్రురా!" అని బుచ్చమ్మ అనే ఇల్లాలు కొంగు బిగించి వెంటపడి వచ్చింది. సంగతేందో విని, "గోడకు తాపుతరా? ఇదేం పరీక్షనమ్మా!" అని ఆశ్చర్యపడి, మూడో బిందె తనే మోసుకొచ్చింది. మెట్ల మీద పిల్లలు వరుసగా నిలబడి చేయి మార్చి చేయి బిందెలు మీదికి అందించారు. సక్కుబాయి కప్పు మీదికెక్కింది. సోమశేఖర్, ఆండాలు కింద తూము దగ్గర నిలబడ్డారు.

"టీచర్! మూడో కమాను మీద పోస్తున్న!" మీదికెళ్లి సక్కుబాయి కేక. "పోసిన! వచ్చిందా?"

తూము ఎండిన నోరు తెరుచుకొని అట్లాగే ఉంది.

"రాలేదే!"

రెండో బిందె. మూడో బిందె. నాలుగు. ఏం లేదు. తూము నోట్లో ఎన్నేండ్లదో మట్టి పెళ్ల కట్టి ఉంది. సోమశేఖర్ గడియారం చూసుకున్నాడు. ఆండాలు తన ట్రంకుపెట్టెకు తాళంచెవి ఎక్కడ పెట్టిందో యాది చేసుకుంటున్నది.

"సక్కూ, నీళ్లు ఎటు పోతున్నయే?"

"ఇటే వస్తున్నయి టీచర్, వాటం బరాబర్ ఇటే ఉన్నది. కానీ డాబా దూప మీద ఉన్నది. ముందుగాల అది తాగుతది. తాగినంక మనకిస్తది. ఫికర్ చెయ్యకుండ్రి!"

ఫికర్ చెయ్యొద్దని పన్నెండేండ్ల పిల్ల మీదికెళ్లి అరుస్తుంటే ఆండాలుకు నవ్వొచ్చింది, దాని వెనుకే కండ్లలో నీళ్లొచ్చాయి. అయిదు. ఆరు. నల్లా బందయ్యే వేళయిందని బుచ్చమ్మ వచ్చి చెప్పింది. ఏడో బిందె చివరిది.

"ఇక చాలమ్మా" అన్నాడు సోమశేఖర్ మెత్తగా. "పిల్లలు అలిసిపోతున్నారు. మీకు ఎక్కువ నష్టం లేకుండా నేనే రాస్తాను, మీరు..." అంటూనే ఎందుకైనా మంచిదని ఒక్కడుగు ముందుకేసి, తూము కింద నిలబడి, మెడ ఎత్తి లోపలికి తొంగి చూశాడు.

గోడ కడుపులో ఏదో గుడగుడమంది.

ఒక చుక్క రాలింది. కళ్లజోడు మీద టప్పున పడింది. అది తుడుచుకునే లోపల మట్టి పెళ్ల ఊడి, దాని వెనుక పావురాల ఈకలు, పుల్లలు, బురద, వాటన్నిటినీ తోసుకుంటూ ఏడు బిందెల నీళ్లు ధారగా దూకాయి. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు తలకు అభిషేకం అయింది.

"ఓరి నీ తల్లి! ఏందిరా గిది, సచ్చిన!" అని గావుకేక పెట్టాడు సోమశేఖర్. అచ్చుపుస్తకం తెలుగు ఆ నీళ్లలోనే కొట్టుకపోయింది. లోపల దాచుకున్న సిద్దిపేట తెలుగు బయటపడ్డది.

సోమశేఖర్ చొక్కా కాలరులోంచి ఒక పావురం ఈక తీసి చూశాడు. నల్లటి చార పొడుగునా ఇంకా కారుతున్న నీళ్ల వైపు చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఆ మనిషి నవ్వుతున్నాడు. కడుపు పట్టుకొని, గోడకు ఆనుకొని, చిన్నపిల్లవాడి లెక్క నవ్వుతున్నాడు.

అప్పుడు లేచింది లొల్లి! ముప్ఫై నాలుగు గొంతులూ ఒక్కసారి విడిచిన లొల్లి. కప్పు మీద పావురాలన్నీ ఒక్కపెట్టున లేచిపోయాయి. సాయిలు భిక్షపతి చేయి పట్టుకొని గిరగిర తిప్పుతున్నాడు. "తాతా! గిదేనే నీ బేగం సాబ!" బుచ్చమ్మ ఖాళీ బిందె మీద దరువేస్తున్నది. మీదికెళ్లి సక్కుబాయి గొంతు చించుకుంటున్నది. "టీచర్! వచ్చిందా? వచ్చిందా టీచర్?"

"వచ్చిందే నా తల్లీ! దండిగ వచ్చింది!" అన్నది ఆండాలు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

సోమశేఖర్ కర్చీఫ్ పిండి మొహం తుడుచుకున్నాడు. "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటరు. ఇయ్యాల రెండూ నీళ్లకే ఎరుకైనట్టుంది టీచరమ్మా." తడిసిన అట్ట పుస్తకం వైపు చూసి, ప్రహ్లాద్‌ను పిలిచాడు. "ఏం బాబూ, మరి ఏకకాలమున అని రాసిన ఈ పుస్తకాన్ని ఏం చెయ్యమంటావు?"

ప్రహ్లాద్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గీత కింద రాసుకోండ్రి సార్."

మళ్లీ నవ్వులు. సోమశేఖర్ అరుగు మీద కూర్చొని, ఆండాలు అందించిన బడి తనిఖీ రిజిస్టరు మోకాళ్ల మీద పెట్టుకొని రాశాడు. రాస్తున్నంత సేపూ జుట్టులోంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. రాసింది లేచి నిలబడి చదివాడు. నెలకు రెండు శనివారాలు ఈ తరగతి బయట నడవాలి. రాతి మీద, గోడ మీద పాఠం జరగాలి. ఏడు కమాన్ల సరాయిలో అయిదు కమాన్లు పూర్వపువి, రెండు తరువాత అతికినవి అని ఏడవ తరగతి విద్యార్థిని సక్కుబాయి నా కళ్ల ముందర రుజువు చేసింది. కింద సంతకం, తారీఖు.

సక్కుబాయి మెట్లు దిగి వచ్చింది. మోచేతుల దాకా తడి, మోకాళ్లకు పాచి. ఆండాలు దాన్ని దగ్గరికి తీసుకొని నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఈ పిల్ల నోరు విప్పడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు దాని మాట సర్కారు రిజిస్టరులోకెక్కింది.

"శాబాష్! శాబాష్ బిడ్డా!"

కమాను పక్కన చేతికర్ర పట్టుకొని ఒక ముసలాయన నిలబడ్డాడు. తెల్లటి ధోతి, నెత్తిన నల్ల టోపీ. ప్రహ్లాద్ తాత, వైకుంఠం సేటు. గల్లీలో లొల్లి విని దుకాణానికి పోయే రిక్షా ఆపించుకొని వచ్చినట్టున్నాడు. నేరుగా ఆండాలు ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"టీచరమ్మా, నువ్వు చల్లగుండాలె. పదకొండేండ్ల సంది కోర్టుల కొట్లాడుతున్న. ఈ రెండు కమాన్లు మా తాత బాలనర్సింహ సేటు కట్టిచ్చినయి, మాయి, అని నేను. కాదు, ఏడూ ఒక్కటే సరాయి, పాత కట్టడం, ముట్టొద్దు, అని సర్కారోళ్లు. ఎంతమంది వకీళ్లను మార్చినా తెగలే. ఇయ్యాల నువ్వు తెంపినవు. సర్కారు అఫ్సరే సంతకం పెట్టె! ఎల్లుండే తారీఖు. జెర ఆ పేజీ నకలిప్పియ్యి తల్లీ."

పిల్లల నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"కేసు గెలిస్తే ఏం చేస్తారు సేటు గారూ?" అన్నది ఆండాలు. జవాబు తెలిసే అడిగింది.

"ఏం చేస్త? నా రెండు కమాన్లు నేను పడగొట్టుకుంట. పక్కా గోదాం ఎత్తుత. మిగిలిన అయిదు అంటవా, ఈ పక్క ఆసరా పోయినంక ఎన్ని వానలకు ఆగుతయో అది వాటి నసీబు."

సోమశేఖర్ రిజిస్టరు మూసి గుండెలకు ఆనించుకున్నాడు. సిరా ఇంకా ఆరలేదు. ఆ పేజీ చింపితే పిల్లల ముందర నిజాన్ని చింపినట్టు. ఇస్తే సరాయి మెడకు తాడిచ్చినట్టు. "టీచరమ్మా..." అని ఆగిపోయాడు. ప్రహ్లాద్ సుత్లీ ఉండను వెనుక దాచుకొని నేల చూస్తున్నాడు.

"సేటూ!"

అందరూ తిరిగి చూశారు. సక్కుబాయి. ఉస్మాన్‌గంజ్ పెద్ద సేటు మొహంలోకి సూటిగా చూస్తున్నది.

"ఈ రెండు తర్వాత కట్టినయే. కోర్టుల అడిగినా గదే చెప్త. కానీ మీ తాత కట్టిచ్చినయి కావు."

"ఏందే పోరీ?" సేటు కర్ర నేలకు తాటించాడు. "మా తాతను నువ్వు చూసినవా?"

"మీ తాతను చూడలే. మీదికెళ్లి నీళ్లు పోసుకుంట ఇంకొకటి చూసిన. ఏడో కమాను కొసన ఉన్నది. నా మాట నమ్మకుండ్రి, మీరే వచ్చి చూడుండ్రి."

జవాబు కోసం ఆగలేదు ఆ పిల్ల. లంగా కుచ్చెళ్లు ఎత్తి దోపుకొని మెట్లెక్కింది. వెనుక సాయిలు, ప్రహ్లాద్. ఆ వెనుక తడిసిన బూట్లతో సోమశేఖర్. వైకుంఠం సేటు ఒక్క నిమిషం పండ్లు కొరికి, చెప్పులు విడిచి, డెబ్బై ఏండ్ల మోకాళ్లతో ఒక్కో మెట్టూ ఎక్కాడు. ఎక్కడ తూలుతాడోనని ఆండాలు వెనుక చెయ్యడ్డం పెట్టుకుంటూ పోయింది.

కప్పు కొసన సక్కుబాయి గొంతుక్కూర్చుంది. పాచిని అరచేత్తో రాచి రాచి తీసింది. గచ్చులో ఒత్తుకపోయి ఉన్న ఆడమనిషి చెయ్యి అచ్చు మెల్లగా బయటపడ్డది, మణికట్టు దగ్గర గాజుల గీతలు, చిటికెన వేలు సగమే. దాని చుట్టూ వేలితో సున్నా చుట్టి చూపించింది. "గచ్చు ఆరకముందు కట్టిచ్చినోళ్లే చెయ్యి ఒత్తుతరు సేటూ, మస్తు డాబాల మీద చూసిన."

సేటు కళ్లజోడు సవరించుకొని వంగాడు. వంగినవాడు లేవలేదు. చేతికర్ర జారి గచ్చు మీద పడి దొర్లింది. ఉన్నచోటనే కూలబడి, వేలితో దాన్ని తడిమాడు.

"ప్రహ్లాదూ" అన్నాడు. "ఇది మన ఇంటి దేవుని అర్ర గోడ మీద గూడ ఉన్నది కదరా. మా నాయనమ్మ చెయ్యి."